క్విజ్ ప్రశ్నలో ‘ఎన్నో’ అని రాయొచ్చా, ‘ఎన్నవ’ అనే ఉండాలా?

ప్రశ్నలు రాసేవాణ్ణి, విరుగంబాక్కం:

అందరికీ నమస్కారమండీ. ఒక తెలుగు చానల్ క్విజ్ ప్రోగ్రాంకి జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు రాస్తుంటాను. చాలావరకు ఇంగ్లీషులో వస్తాయి. వాటిని తెర మీద రెండు లైన్లలో పట్టేలా తెలుగులో పెట్టాలి. మొన్న ‘గుకేశ్ ఎన్నో ప్రపంచ చెస్ చాంపియన్?’ అని రాస్తే పైన చూసే ఆయన కొట్టేశారు. ‘ఎన్నో’ అంటే ‘చాలా’ అని అర్థం కదా, చూసేవాళ్లు తికమక పడతారన్నారు. పైగా అది నోటిమాటట, తెర మీద ‘ఎన్నవ’ అనే ఉండాలట. అదీ కాకపోతే ‘ఏ స్థానం’ అని రాయమంటున్నారు. ‘ఎన్నవ ప్రపంచ చాంపియన్’ అంటే నాకే నోరు తిరగడం లేదు, యాంకరమ్మ ఇంకేం చదువుతుంది? రేపు సాయంత్రానికి స్క్రిప్టు ఇవ్వాలి. కాస్త చెప్పండి.

పెరంబూరు అక్కయ్య:

తమ్ముడూ, మీ పై ఆయన ఎప్పుడైనా ఇంట్లోవాళ్లని తీసుకుని ప్రసూతి ఆస్పత్రికి వెళ్లారా? ‘ఎన్నో నెలమ్మా? ఎన్నో కాన్పు?’ అని నర్సు అడిగితే ఏ ఆడకూతురైనా ‘చాలా నెలలండీ’ అని చెప్పిందా? అదే ‘ఎన్నవ కాన్పు’ అని అడిగి చూడమనండి, బిత్తరపోయి పక్కావిడ మొహం చూస్తుంది.

అశోక్ నగర్ మాస్టారు:

అక్కయ్యగారి మాటలోనే జవాబంతా ఉంది. నేను విప్పి చెబుతానంతే.

పైకి ఒకటే మాటలా కనిపించినా ‘ఎన్నో’లు రెండు. ‘ఎవరో, ఎక్కడో, ఎప్పుడో’ అన్నప్పుడు చివర వచ్చే ఓ ఉందే, ‘తెలియదు’ అనే ఓ, అది ‘ఎన్ని’కి తగిలితే ‘ఎన్నో ప్రశ్నలు’ అవుతుంది. ఎన్ని అని చెప్పలేనన్ని అన్నమాట. రెండోది ‘రెండో, మూడో, నాలుగో’ అన్నప్పటి ఓ. వరుసలో చోటు చెప్పే ఓ. అది తగిలితే ‘ఎన్నో ప్రశ్న?’ అవుతుంది. వెనకాల వచ్చే మాట చూడండి. ‘ఎన్నో ప్రశ్నలు’, ‘ఎన్నో ప్రశ్న’, ‘ఎన్నోసార్లు’, ‘ఎన్నోసారి’. బహువచనం ఉంటే ‘చాలా’, ఏకవచనం ఉంటే వరుస. ‘ఎన్నో ప్రపంచ చాంపియన్’ అన్న దాంట్లో ‘చాంపియన్లు’ లేదు కాబట్టి తెలుగు మాట్లాడే వాళ్లెవరూ తికమక పడరు.

ఇక ‘ఎన్నవ’ తప్పేమీ కాదు. రెండవ, మూడవ అని రాసేవాళ్లకి అదే పద్ధతిలో ఎన్నవ. పుస్తకాల్లో చక్కగా ఉంటుంది కూడా. కానీ టీవీ ప్రశ్నని యాంకరు గట్టిగా చదువుతుంది, ఎదురుగా ఉన్న మనిషి టెన్షన్‌లో వింటాడు. చెవికి అలవాటైన మాటే అక్కడ మేలు. అంకె వేసినప్పుడు ‘18వ’ అని వేయండి, చదివేటప్పుడు ‘పద్దెనిమిదో’ అని చదవమనండి. కొంతమంది యాంకర్లు ‘పద్దెనిమిది వ’ అని అంకెని, అక్షరాన్ని విడగొట్టి చదువుతున్నారు. అది వింటే నాకు బీపీ వస్తుంది.

ఆ ‘వ’ సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇక్కడ చెన్నైలో సామాన్లు తెచ్చే కుర్రాడు కింద నుంచి ఫోన్ చేసి ‘ఎత్తనావదు మాడి?’ అంటాడు. ఎన్నో అంతస్తు అని. ఆ ‘ఆవదు’లో ఉన్నది ‘అవడం’ అనే క్రియే. మన ‘రెండవ’లో ఉన్న ‘అవ’ది కూడా ఆ ఇంటి పేరే. రెండు అయ్యేది, రెండవ. కాబట్టి ఇది మనం ఎక్కడి నుంచో తెచ్చుకున్న పద్ధతి కాదు, పక్కింటివాళ్లదీ మనదీ ఒకే సొత్తు.

‘ఏ స్థానం’ మాత్రం పొరపాటున కూడా రాయొద్దు. ‘గుకేశ్ ఏ స్థానంలో ఉన్నాడు’ అంటే ఈ నెల ర్యాంకింగ్ అడిగినట్టు, అది నెలనెలా మారుతుంది. ‘ఏ’కి, ‘ఎన్నో’కి తేడా మన నెలల్లోనే ఉంది చూడండి. ‘ఏ నెల?’ అంటే పేరు చెబుతాం, శ్రావణమనో జులై అనో. ‘ఎన్నో నెల?’ అంటే లెక్క చెబుతాం.

అంబత్తూరు కోడలు:

మాస్టారూ, చిన్న అనుమానం. మా పిల్లాడు ‘ఎన్నో క్లాస్’ అంటే ‘ఒకటో క్లాస్’ అంటాడు, పరుగుపందెంలో ఎన్నోవాడివి వచ్చావంటే ‘ఫస్ట్’ అంటాడు. ఒకటో, మొదటి రెండూ ఒకటేనా?

అశోక్ నగర్ మాస్టారు:

మంచి ప్రశ్న అడిగావమ్మా. నంబరు వేసి ఉన్నవాటికి ఒకటో. ఒకటో తరగతి, ఒకటో తారీఖు, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం. ముందు వచ్చినవాడు ఎవడనేది ముఖ్యమైనచోట మొదటి. మొదటి బహుమతి, మొదటి రాష్ట్రపతి. బాబూ రాజేంద్రప్రసాద్‌ని ‘ఒకటో రాష్ట్రపతి’ అని ఎవరూ అనరు. ఆయన తర్వాత రాధాకృష్ణన్ రెండో రాష్ట్రపతి, జాకీర్ హుస్సేన్ మూడో రాష్ట్రపతి. ఇద్దరికీ ‘ఓ’ ఇబ్బంది లేకుండా అతుక్కుంటుంది. చిక్కంతా మొదటివాడితోనే.

తరమణి క్విజ్ పిచ్చోడు:

భాష సంగతి మాస్టారు తేల్చేశారు కాబట్టి నేను జవాబు సంగతి ఎత్తుకుంటాను. ‘ఎన్నో’ అని అడిగారంటే ఒక వరుస ఉన్నట్టు, దానికి మొదలు ఎక్కడో అందరికీ తెలిసినట్టు, ఎవరెవరిని కలపాలో గొడవ లేనట్టు. వీటిలో ఏది వదులుగా ఉన్నా మర్నాడు చానల్‌కి ఫోన్లు తప్పవు.

మీరు రాసిన గుకేశ్ ప్రశ్నే తీసుకోండి. మన చెన్నైలో పుట్టిన తెలుగింటి కుర్రాడు, 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌ని 14వ గేమ్‌లో ఓడించాడు. జవాబు 18 అని అన్ని పేపర్లూ రాశాయి. ఆ 18 ఎక్కడి నుంచి? 1886లో చాంపియన్ అయిన స్టైనిట్జ్‌ని ఒకటి అనుకుని లెక్కపెడితే. కానీ 1993లో కాస్పరోవ్, షార్ట్ ఇద్దరూ ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడేని కాదని బయట మ్యాచ్ ఆడటంతో టైటిల్ రెండు ముక్కలైంది. 2006లో క్రామ్నిక్, టోపలోవ్ ఆడాకే మళ్లీ ఒకటైంది. ఈ మధ్యలో ఫిడే కిరీటం ఖలీఫ్‌మాన్, పొనొమరియోవ్, కాసిమ్‌జానోవ్‌ల దగ్గరికి వెళ్లింది. వాళ్లెవరికీ ఈ వరుసలో నంబరు లేదు. మన ఆనంద్ కూడా 2000లో టెహరాన్‌లో షిరోవ్‌ని ఓడించి ఫిడే చాంపియన్ అయినా, 15వ వాడిగా లెక్కలోకి వచ్చింది మాత్రం 2007 మెక్సికో గెలుపు తర్వాతే. చెస్ బాగా తెలిసినవాడు హాట్‌సీట్లో కూర్చుంటే, ఆప్షన్లలో 18తో పాటు ఇంకో పెద్ద అంకె కూడా పెట్టారంటే, మీతో వాదనకి దిగుతాడు. దిగాలి కూడా. ‘స్టైనిట్జ్‌తో మొదలయ్యే క్లాసికల్ చాంపియన్ల వరుసలో’ అని ఒక్క ముక్క కలపండి, లైను పెరిగినా సరే.

ప్రధానమంత్రుల దగ్గరా ఇదే గొడవ. పి.వి. నరసింహారావు 9వ ప్రధాని అంటాం. గుల్జారీలాల్ నందా 1964లో నెహ్రూ పోయినప్పుడు, 1966లో శాస్త్రి పోయినప్పుడు ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నా వరుసలో లేరు కాబట్టే ఆ 9. ఇందిరాగాంధీ 1977లో దిగిపోయి 1980లో మళ్లీ వచ్చినా ఆమెకి ఒకటే నంబరు, 3. అమెరికావాళ్ల లెక్క వేరు. మధ్యలో విరామం వస్తే కొత్త నంబరు ఇస్తారు. క్లీవ్‌లాండ్‌కి 22, 24. ట్రంప్‌కి 45, 47. అందుకే ‘ట్రంప్ ఎన్నో అధ్యక్షుడు’ అని ఊరికే అడిగితే రెండు జవాబులూ ఒప్పే.

తెలంగాణ ఇంకా చిత్రం. 2014 జూన్ 2న 29వ రాష్ట్రంగా ఏర్పడింది. 2019 అక్టోబర్ 31న జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతాలుగా మారాక దేశంలో రాష్ట్రాలు 28. ఉన్నవే 28 అయితే 29వది ఎక్కడిదని మా మేనల్లుడు నన్ను నిలదీశాడు. ‘ఎన్నో రాష్ట్రంగా ఏర్పడింది’ అని అడగండి, ‘ఎన్నో రాష్ట్రం’ అని వదిలేయకండి.

హాయిగా నిద్రపట్టే ప్రశ్న కావాలంటే మూలకాల్లోకి వెళ్లండి. బంగారం ఆవర్తన పట్టికలో ఎన్నో మూలకం? 79. ఎవరూ ఫోన్ చేయరు.

ప్రశ్నలు రాసేవాణ్ణి:

అన్నా, దండం. ఆ గుకేశ్ ప్రశ్నకి యాంకరు చెప్పే మాట కూడా ఒకటి రాసి పెట్టుకున్నాను. ‘పద్దెనిమిదో ఏట పద్దెనిమిదో చాంపియన్’ అని. ప్రాస కుదిరింది కదా?

అశోక్ నగర్ మాస్టారు:

ప్రాస కుదిరింది, లెక్క కుదరలేదు నాయనా. అతను పుట్టింది 2006 మే 29న. గెలిచిన రోజుకి పద్దెనిమిదేళ్లు నిండి ఆరు నెలలు దాటింది. అంటే నడుస్తున్నది పంతొమ్మిదో ఏడు. ‘ఏట’ అన్నామంటే నడుస్తున్న ఏడు. పిల్లవాడికి ఐదేళ్లు నిండి ఆరో ఏడు వచ్చాక ‘ఆరో ఏట బడిలో వేశాం’ అంటాం. పేపర్లలో ఈ తప్పు రోజూ కనిపిస్తుంది, మీరు కూడా వాళ్లలో చేరకండి. ‘పద్దెనిమిదేళ్లకే పద్దెనిమిదో చాంపియన్’ అనండి. ప్రాస చెడదు, మాట పొల్లుపోదు.

పెరంబూరు అక్కయ్య:

అయితే మాస్టారూ, మా అపార్ట్‌మెంట్లో ఆగస్టు పదిహేను వచ్చిందంటే బ్యానర్ మీద అంకె కోసం కొట్టుకుంటారు. దానికీ ఇదేనా కారణం?

అశోక్ నగర్ మాస్టారు:

అదేనమ్మా. మొదటి స్వాతంత్ర్య దినోత్సవం 1947లో ఆ రోజే. కాబట్టి 2022 ఆగస్టు 15కి ఏళ్లు నిండింది 75, దినోత్సవం మాత్రం 76వది. పుట్టినరోజుకి మనం అలా లెక్కపెట్టం. పుట్టిన రోజుని వదిలేసి, ఏడాది నిండాక చేసేదాన్నే మొదటి పుట్టినరోజు అంటాం.

తరమణి క్విజ్ పిచ్చోడు:

అంటే 1947 ఆగస్టు 15న పుట్టిన తాతగారు 2022లో 76వ స్వాతంత్ర్య దినోత్సవం నాడు 75వ పుట్టినరోజు చేసుకున్నట్టు! విరుగంబాక్కం తమ్ముడూ, ఈ ప్రశ్న నీకు ఇచ్చేస్తున్నా. కోటి రూపాయల మెట్టు మీద పెట్టు, కింద వాడేయకు.

ప్రశ్నలు రాసేవాణ్ణి:

మా బడ్జెట్‌కి అంత పెద్ద మెట్టు లేదన్నా. మాది మిక్సీ, కుక్కర్ల షో.