ఊరు తవ్వుకున్న నీళ్ల పైపు పగిలితే బాగు చేయించాల్సింది ఎవరు? (ఆఫ్రికా దేశం మలావీ గురించి)

ఏటిగట్టు:
పోయిన వారం ఇక్కడ ఒక సభ్యుడు "ఆఫ్రికాలో దాతలు బోర్లు వేసి ఇస్తారు, అక్కడివాళ్లు పాడు చేసుకుంటారు" అని రాశారు. ఆ మాట ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. మలావీ దక్షిణాన ములాంజే జిల్లాలో నాలుగేళ్లు నీటి పనుల్లో ఉన్నాను. అక్కడి జనం 1968, 69 నాటికే కొండవాగుల నీటిని ఊళ్లకు దించుకున్నారు. మొదట జోంబా వైపు చింగాలేలో, ఆ వెంటనే ములాంజే కొండ కింద చాంబేలో. ప్రభుత్వం పైపులూ ఇంజినీర్లనూ ఇచ్చింది. కందకాలు మాత్రం కిలోమీటర్ల కొద్దీ ఊరి ఆడవాళ్లూ మగవాళ్లూ పారలతో తవ్వారు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, పల్లానికి నీళ్లు వాటంతట అవే దిగుతాయి. చెమటోడ్చి కట్టుకున్నారు కాబట్టే అన్నేళ్లు కాపాడుకున్నారు. ఆ పైపుల బాగోగులు ఊరి చేతిలోనే ఉండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

మర్రిగూడ బిడ్డ:
ఒప్పుకోను. మాది నల్లగొండ జిల్లా. తాగే నీళ్లలో ఉండి ఎముకలను వంచేసే ఫ్లోరైడును పటికతో, సున్నంతో పేరబెట్టి తీసేసే "నల్లగొండ పద్ధతి" గురించి వినే ఉంటారు. 1970లలో మన దగ్గర పుట్టిన ఆ పద్ధతి మా జిల్లా పేరుతోనే ఇథియోపియా, టాంజానియాల రిఫ్ట్ లోయ దాకా వెళ్లింది, అక్కడి నేలలోనూ ఫ్లోరైడు ఉంది కాబట్టి. మా ఊళ్లోనూ ఒక ట్యాంకు కట్టి "ఇక ఇది మీది" అని ఊరికి అప్పగించి వెళ్లారు. రోజూ పటిక కొలిచి వెయ్యాలి, కలపాలి, అడుగున పేరిన మడ్డి తియ్యాలి. కూలికి వెళ్తే తప్ప పూట గడవని ఊళ్లో ఎవరు చేస్తారు? రెండేళ్లకు ఆ ట్యాంకులో గడ్డి మొలిచింది. మా నాయనమ్మ నడుము వంగిపోయి, చనిపోయేదాకా నేలను చూస్తూనే నడిచింది. మాకు నీళ్లు మారింది కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే. ఆ పైపు మా ఊరు తవ్వలేదు.

ఏటిగట్టు:
చెల్లెలా, మీ నాయనమ్మగారి సంగతి చదివి బాధేసింది. కానీ ఆ ఉదాహరణ ఇక్కడ పొసగదు. పటిక రోజూ కావాలి, చేతిపంపుకు అలాంటిదేమీ అక్కర్లేదు. మలావీలో ఆ పైపులతో పాటు అంతటా కనిపించేది ఆఫ్రిడెవ్ అనే చేతిపంపు. 1980లలో మలావీ, కెన్యాల్లోనే రూపుదిద్దుకుంది, ఊరివాళ్లే విప్పి బిగించుకునేలా. నేను కళ్లారా చూసింది చెబుతాను. ఊరి నీళ్ల కమిటీలో ఒకావిడ, నడుముకు చితెంజె గుడ్డ, దాని కొసన ముడివేసిన స్పానరు. పైమూత విప్పింది, హ్యాండిల్ తీసింది, కొక్కేలతో తగిలించి ఉన్న కడ్డీలను ఒక్కొక్కటిగా పైకి లాగింది. చివరి కడ్డీతో పాటు పిస్టన్ వచ్చింది. అరచేతిలో ఇమిడే రబ్బరు వాషరు అరిగిపోయి ఉంది. కొత్తది తొడిగి మళ్లీ దించింది. మధ్యాహ్నానికి బిందెలు నిండాయి. అదే మన ఇండియా మార్క్ టూ బోరింగు అయితే ఇనుప పైపులన్నీ పైకి లాగాలి, ముక్కాలి కావాలి, నలుగురు మనుషులు కావాలి.

బోరింగు మెకానిక్:
ఆ వాషరు ఎక్కడ కొంటారు? ఎంత దూరం?

ఏటిగట్టు:
సంత ఊళ్లో, దుకాణంలో ఉంటే. లేకపోతే జిల్లా కేంద్రానికి పోవాలి.

బోరింగు మెకానిక్:
"ఉంటే" అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. ముప్ఫై ఏళ్లు బోరింగులు బాగు చేసి బతికినవాడిని, వాషరు లేక నెలల తరబడి పడి ఉన్నవాటిని వందల్లో చూశాను. ఇంకొకటి. మన మార్క్ టూలు ఆఫ్రికా నిండా ఉన్నాయి. పులుపు గుణం ఉన్న భూగర్భ జలంలో వాటి జింకుపూత పైపులను తుప్పు తినేస్తుంది. నీళ్లు ఎర్రబారతాయి, వండినదాని రంగు మారుతుంది, ఆడవాళ్లు మళ్లీ వాగుకే పోతారు. అక్కడ పంపు నడుస్తూనే ఉంటుంది, కానీ ఎవరూ తాగరు. దీన్ని ఏ కమిటీ బాగు చేస్తుంది?

ఏటిగట్టు:
ఆఫ్రిడెవ్‌కు లోపల దిగేది ప్లాస్టిక్ పైపు, తుప్పు పట్టదు. నేను మార్క్ టూ గురించి మాట్లాడలేదు.

బోరింగు మెకానిక్:
నేను మాట్లాడుతున్నాను. అవి అక్కడ ఉన్నాయి కదా.

సంధ్య, దారెస్సలాం:
టాంజానియాలో రెండు దారులూ చూశారు. 1971లో ప్రభుత్వమే ఇరవై ఏళ్లలో ప్రతి ఇంటికీ 400 మీటర్ల లోపు ఉచితంగా నీళ్లిస్తానంది, చెయ్యలేకపోయింది. 1991లో విధానం మార్చి ఊళ్లను ఖర్చు పంచుకోమంది. పంపులు మూలన పడ్డాయి. 2019లో పల్లె నీటికే ఒక ప్రభుత్వ సంస్థ పెట్టారు, ఊరి సంఘాలు దాని కింద పనిచేస్తున్నాయి.

రేగడి నేల:
నీళ్ల గురించే మాట్లాడుతున్నారు, మరుగుదొడ్డి మాటే లేదు. 2000 ప్రాంతంలో బంగ్లాదేశ్‌లో కమల్ కార్ అనే నిపుణుడు మొదలుపెట్టిన పద్ధతి ఆఫ్రికా అంతా పాకింది. ఊరిని పోగుచేసి బహిర్భూమికి నడిపించి, ఈ మలం మన నోట్లోకి ఎలా వస్తోందో వాళ్ల చేతే చెప్పిస్తారు. డబ్బివ్వరు, గొయ్యి వాళ్లే తవ్వుకోవాలి. మాలి దేశంలో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. మరుగుదొడ్లు దాదాపు రెట్టింపయ్యాయి, పిల్లల ఎదుగుదల మెరుగుపడింది, అతిసారం మాత్రం తగ్గలేదు. పదిమందిలో సిగ్గుపడేలా చేసి కట్టించడం నాకు నచ్చదు. ఇసుక నేలలో మొదటి వానకే గొయ్యి కూలితే ఒక ముసలమ్మ మళ్లీ ఎలా తవ్వుతుంది?

మర్రిగూడ బిడ్డ:
ఏటిగట్టు గారూ, సహారాకు దిగువన ఉన్న దేశాల చేతిపంపుల్లో మూడింట ఒకటికి పైగా పనిచేయడం లేదని 2009లో ఒక అంచనా వచ్చింది. అన్ని ఊళ్లూ సోమరులా? అదే మలావీ పట్నాల్లో, లిలాంగ్వేలో, బ్లాంటైర్‌లో నీటి బోర్డులున్నాయి. అక్కడ ఎవరైనా తన వీధి పైపుకు తాను కందకం తవ్వుతున్నాడా? పల్లెవాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం శ్రమదానం అంటారు. పేదవాడి చేత ఊరికే చేయించుకున్న పని వెట్టి. మలావీలోనే దానికి పేరుంది, తంగాతా.

ఏటిగట్టు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. తంగాతా అంటే తెల్లదొరల తోటల్లో, ఉండడానికి నేల ఇచ్చినందుకు బలవంతంగా చేయించుకున్న చాకిరీ. ఆ బాధ పడినవాళ్ల పిల్లలే చాంబేలో పారలు పట్టింది. తమ బిడ్డల నోటికి నీళ్లు తెచ్చుకోవడం వెట్టి ఎలా అవుతుంది? వాళ్లకేమీ చేతకాదని మీరు కూడా అంటున్నారు, ఆ మొదటి సభ్యుడి లాగే.

మర్రిగూడ బిడ్డ:
చేతకాదని నేను ఎక్కడ అన్నాను? చూపించండి. చేసినవాళ్లనే మళ్లీ మళ్లీ చెయ్యమనడం అన్యాయం అంటున్నాను. నన్ను చెల్లెలా అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఈసారి నీళ్లు నమలకుండా చెప్పండి. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను మలావీ మీద పడింది. మీ ములాంజేలో, పక్కన ఫలోంబేలో కొండచరియలు ఊళ్లను ముంచాయి. దేశంలో వెయ్యి మందికి పైగా పోయారు. అప్పటికే 1,600 మందికి పైగా బలిగొన్న కలరా ఇంకా తగ్గలేదు. కొండమీది నుంచి వచ్చే పైపును బండరాళ్లు ఈడ్చుకుపోతే అది ఊరి బాధ్యతా? వాషరు డబ్బులతో వస్తుందా?

నిర్వాహకులు:
మాట తూలకండి. ఇద్దరి వాదనా ఉంచుతున్నాం.

ఏటిగట్టు:
నిన్నంతా జవాబు రాయలేకపోయాను.

వాషరుతో రాదు. నా మొండితనం వెనక ఒక కారణం ఉంది, ఇక్కడ చెప్పలేదు. మా సంస్థ తరఫున ఆ స్పానరు ఆవిడ ఊళ్లో అప్పగింత సభ జరిగినప్పుడు మాట్లాడింది నేనే. "ఇక ఇది మీది" అన్నాను. మీ ఊళ్లో వాళ్లు అన్న మాటే. చప్పట్లు కొట్టారు, పాట పాడారు. మా పని ముగిసింది, నిధులు ఆగిపోయాయి, నేను వచ్చేశాను. ఆ మాట తప్పు అని ఒప్పుకుంటే ఆ నాలుగేళ్లూ ఏమైపోతాయో అని భయం. ఊళ్లకు చేతనవును అని ఇప్పటికీ అంటాను. చేతనయినంత మాత్రాన మిగతావాళ్లు చేతులు దులుపుకోవచ్చని నేను అనుకోలేదు, కానీ నేను చేసింది అదే.

మర్రిగూడ బిడ్డ:
వెట్టి అన్న మాట మీ ఊరివాళ్లను ఉద్దేశించి అన్నది కాదు. అప్పగించి వెళ్లిపోయేవాళ్ల మీద కోపంతో అన్నాను. మిగతాదంతా నా మాటే. కొండమీది పైపు ప్రభుత్వానిది.

బోరింగు మెకానిక్:
ఆ ఊళ్లో ఇప్పుడు పరిస్థితి ఏమిటి? ఎవరినైనా అడిగారా?

ఏటిగట్టు:
ఈ రోజు ఫోను చేశాను. ఆ స్పానరు ఆవిడ కూతురు ఎత్తింది. ఇప్పుడు పంపు ఆమె చూసుకుంటోందట, వాషరు కిందటి నెలే మార్చారట. కొండ నీళ్లు వచ్చే కొళాయి మాత్రం ఫ్రెడ్డీ వచ్చినప్పటి నుంచి ఎండిపోయే ఉంది. జిల్లా ఆఫీసు వాళ్లు రెండుసార్లు వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారట.