చిత్తూరు క్రిస్మస్‌కి నురగ మంచు అవసరమా?

గిరింపేట వాసి:
మా చర్చి కమిటీ ఈసారి 24 రాత్రికి మంచు కురిపించే యంత్రం కిరాయికి మాట్లాడిందట. వాట్సాప్ గ్రూపులో పోస్టర్ వచ్చింది. పోయినేడు ఇంకో చోట ఆ సంబరం చూశాను. అది మంచూ కాదు గించూ కాదు, సబ్బు నురగ. దేవదూత వేషం వేసిన ఓ పాప నెత్తిన పడి కళ్ళల్లోకి కారింది. పాప ఒకటే ఏడుపు, వాళ్ళమ్మ చున్నీతో తుడవడం. క్రిస్మస్ తాతకు చెమటపట్టి గడ్డం ఊడొచ్చింది. పాపం ఒక చేత్తో గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో చాక్లెట్లు పంచాడు. మన ఊరి వేడికి తగ్గట్టు, మన పద్ధతిలో చేసుకుంటే ఏం తక్కువవుతాం? సరుగుడు కొమ్మ, వెదురు బద్దల నక్షత్రం, హార్మోనియం, కంజీర చాలవా? లూకా సువార్తలో పశువుల తొట్టె ఉంది, పొత్తిగుడ్డలు ఉన్నాయి, రాత్రిపూట పొలంలో మంద కాసుకునే గొర్రెల కాపరులున్నారు. మంచు ఎక్కడుంది?

రాత్రి షిఫ్ట్:
వేడి ఏందన్నా? డిసెంబర్లో చిత్తూరు వేడా? నాలుగింటికి డ్యూటీ దిగి బండి మీద వస్తా. మంకీ క్యాప్ లేకుంటే చెవులు ఉన్నట్టే తెలియదు.

గిరింపేట వాసి:
పగలు 28 డిగ్రీలుంటే దాన్ని చలికాలం అంటారా?

రాత్రి షిఫ్ట్:
తెల్లారేసరికి 18 దగ్గరికి దిగుతుంది. మీ ప్రోగ్రాం మిట్టమధ్యాహ్నం కాదు కదా, రాత్రే కదా.

పాటల పుస్తకం:
ఆ యంత్రం మాట్లాడింది మా యూత్ వాళ్ళే కాబట్టి నేనే చెప్తాను. బ్రదర్, మీరు వెదురు నక్షత్రం ఎప్పుడైనా కట్టారా? బద్దలు సన్నగా చీల్చాలి, అయిదు మూలలూ పురికొసతో బిగించాలి, రంగు కాగితం మైదా జిగురుతో అంటించాలి, లోపల జీరో బల్బు వేలాడదీయాలి. ఇంతా చేశాక, డిసెంబర్ వాన ఒక్కటి పడిందంటే కాగితం సాగిపోయి బద్దలు బయటపడతాయి. అందుకే ప్లాస్టిక్ నక్షత్రం కొంటున్నాం, ఇష్టమై కాదు. ఇక సరుగుడు కొమ్మ. నరికేది, మోసేది, పండగయ్యాక ఆ చెత్తంతా ఊడ్చేది ఎవరు? హార్మోనియం వాయించే పెద్దాయన పోయాక దాని తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. నేర్చుకోండిరా అంటే ఒక్కడు ముందుకు రాడు. ఇంకోపక్క, బైపాస్ మీద కొత్త ప్రార్థన హాలు వచ్చింది. లైట్లు, డ్రమ్స్, పెద్ద తెర. మా సండేస్కూలు పిల్లల్లో సగం మంది అక్కడికే పోతున్నారు. ఒక్కరాత్రి నురగ పోస్తే వాళ్ళు మా దగ్గర ఉంటారంటే పోస్తాం. ఆ పాప కళ్ళ సంగతి మాత్రం మీరన్నది నిజం, యంత్రం ఎత్తులో పెట్టమని చెప్తాం.

మామిడితోట:
సరుగుడు మన చెట్టని ఎవరు చెప్పారు? అది ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చింది. చూడ్డానికి పైన్ లాగా ఉంటుంది కానీ ఆ జాతే కాదు. సూదుల్లా కనబడేవి ఆకులు కూడా కాదు, సన్నటి రెమ్మలు. చిత్తూరు చెట్టే కావాలంటే మామిడి కొమ్మ పెట్టండి. అప్పటికి అక్కడక్కడా పూత కూడా మొదలవుతుంది.

తొట్టంబేడు:
పూత మీద ఉన్న కొమ్మ నరికితే మా నాయన చర్చి దాకా తరుముకుంటూ వస్తాడు.

గిరింపేట వాసి:
మామిడితోట గారూ, ఆస్ట్రేలియా మాట మీరే తెచ్చారు, మంచిదే. వాళ్ళకు డిసెంబర్ అంటే నడి వేసవి. మెల్‌బోర్న్‌లో 1938లో ఒక రేడియో అనౌన్సర్ మొదలుపెట్టాడు, జనమంతా ఆరుబయట కొవ్వొత్తులు పట్టుకుని పాడే పద్ధతి. ఇప్పటికీ జరుగుతోంది. వాళ్ళు తమ ఎండకాలానికి తగ్గ పండగ తయారుచేసుకున్నారు. మనకే ఎందుకీ అరువు మంచు?

పాటల పుస్తకం:
అరువు అంటున్నారు కాబట్టి లెక్క మొత్తం చూద్దాం. ఈ ప్రాంతానికి సువార్త తెచ్చిన ఆర్కాటు మిషన్ అమెరికా వాళ్ళది. 1911లో చిత్తూరు జిల్లా అయ్యేదాకా మనం వేలూరుతో కలిసి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉన్నాం. మా ఇంట్లో ఇప్పటికీ క్రిస్మస్ కేకు వేలూరు బేకరీ నుంచే వస్తుంది. మీ హార్మోనియం యూరప్ నుంచి వచ్చింది. క్రిస్మస్‌కి పశువుల పాక కట్టే అలవాటుకు పేరు తెచ్చింది ఫ్రాన్సిస్ అనే సన్యాసి, 1223లో, ఇటలీలో గ్రెచ్చో అనే చిన్న ఊళ్ళో. ఇవన్నీ మనవయ్యాయి, నురగ ఒక్కటే పరాయిదా? గీత ఎక్కడ గీస్తున్నారు బ్రదర్, మీ చిన్నతనం దగ్గరా?

తిరుపతి టౌన్:
మాది హిందువుల ఇల్లు. మా వీధిలో ధనుర్మాసం భజనకు తెల్లవారుజామున లేస్తే, ఎదురింటి గుమ్మానికి నక్షత్రం వెలుగుతూ ఉంటుంది. వాళ్ళు కేకు, మురుకులు పంపిస్తారు, మేం పొంగలి పంపిస్తాం. మంచు ఉందా లేదా అని నేనెప్పుడూ చూడలేదు. మురుకుల్లో వాము తక్కువేస్తారు, నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

రాత్రి షిఫ్ట్:
హార్సిలీ హిల్స్‌కి ఒకసారి డిసెంబర్లో పోయి రండి, వేడో చలో తేలిపోతుంది.

మామిడితోట:
హార్సిలీ హిల్స్ చిత్తూరు టౌన్‌లో ఉందా అన్నా?

గిరింపేట వాసి:
సిస్టర్, నా చిన్నతనాన్ని వెక్కిరించక్కర్లేదు. మాట వచ్చింది కాబట్టి అంటున్నా. ఏటా చందా పంపేది బెంగుళూరులో, హైదరాబాదులో ఉన్న మాలాంటి వాళ్ళం. ఆ డబ్బుతో నురగ కొంటే ఒక మాట అడిగే హక్కు మాకు లేదా?

పాటల పుస్తకం:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి. నాలుగు రోజులకు వచ్చి, ఫోటోలు తీసుకుని, అయ్యో పాత రోజులు అనేసి బండెక్కేవాళ్ళకు మేం మ్యూజియం కాపలా కాయాలి. అంతేనా?

గిరింపేట వాసి:
మ్యూజియం కాదు. పోయినేడు 23 రాత్రి మా అమ్మ గేటు లైటు వేసి, పళ్ళెంలో మురుకులు, కజ్జికాయలు పెట్టుకుని ఒంటిగంట దాకా కూర్చుంది. ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే మీ కేరల్స్ ఆటో మా వీధి మలుపు దాకా వచ్చి తిరిగిపోయింది. కానుక కవరు ఇచ్చే ఇళ్ళకే పోతున్నారని పక్కింటావిడ చెప్పింది. మా చిన్నప్పుడు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని, తెల్లవార్లూ నడిచి, కవరు ఇచ్చినా ఇవ్వకపోయినా ప్రతి గడపకూ వచ్చేవాళ్ళు. యంత్రానికి డబ్బులున్నాయి, మా వీధికి రావడానికి లేవా?

తొట్టంబేడు:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే సరిపోయేది కదబ్బా.

పాటల పుస్తకం:
కవర్ల లిస్టు అనేది అబద్ధం. రాత్రి 10 దాటాక మైకు వాడకూడదన్నది రూలు. మీ వీధి మలుపుకు వచ్చేసరికి టైం అయిపోయింది, ఆటో అతను బాక్స్ ఆపేసి ఇంటికి పోతానన్నాడు. అమ్మగారు కూర్చున్నారని మాకు తెలియదు, తెలిస్తే ఇద్దరమైనా నడిచి వచ్చేవాళ్ళం.

గిరింపేట వాసి:
మైకు లేకుండా రండి. అప్పట్లో మైకు ఎక్కడుంది?

పాటల పుస్తకం:
మైకు లేకుండా వీధి మొత్తానికి వినబడాలంటే ముప్పై నలభై గొంతులుండాలి. మాకున్నవి ఎనిమిది, అందులో రెండు, వయసొచ్చి ఇంకా మారుతున్న కుర్రగొంతులు. మిగతావన్నీ మీరు చెప్పిన ఊళ్ళలోనే ఉన్నాయి, బెంగుళూరులో, హైదరాబాదులో. నురగ యంత్రం మీ పద్ధతిని తరిమేయలేదన్నా. పాడేవాళ్ళు పోయాక మిగిలిన ఖాళీలోకి వచ్చింది.

రాత్రి షిఫ్ట్:
అక్కా, నాకు 23 వీక్లీ ఆఫ్. పాడటం రాదు, కంజీర వాయిస్తా.

పాటల పుస్తకం:
రా తమ్ముడూ, ఏడింటికి చర్చి గేటు దగ్గర ఉండు.

గిరింపేట వాసి:
నేను 22 రాత్రికే వస్తాను. ఆటో వద్దు, వ్యాను మాట్లాడండి, డీజిల్ నేను పోయిస్తా. మా అమ్మ వీధి నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. పాటల లిస్టు నేను పంపిస్తా, అన్నీ పాత కీర్తనలే ఉండాలి.

పాటల పుస్తకం:
వ్యాను సరే. మీ వీధి నుంచే మొదలుపెడతాం, అదీ సరే. లిస్టు మాత్రం మీరు పంపొద్దు. డీజిల్ పోసినవాళ్ళు పాటలు కూడా చెప్తామంటే మేం ఆటోలోనే పోతాం.

గిరింపేట వాసి:
రెండు పాత కీర్తనలైనా?

పాటల పుస్తకం:
మీరొచ్చి పాడతానంటే రెండు. పాడకపోతే ఒకటి.