బంగై కార్డినల్ దవడ ఉబ్బింది, తింటలేదు: మందు వేయాల్నా?

నల్లగొండ_ఉప్పునీళ్లు:
150 లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంకుల 5 బంగై కార్డినల్ (చిన్న సముద్రపు చేప) ఉన్నయి. వారం సంది ఒకదానికి దవడ కింద ఉబ్బి ఉన్నది, ఏం వేసినా ముడ్తలేదు. ఇంకోటి దాని పక్కనే తిరుగుతున్నది. మిగిలిన మూడు ఫిల్టర్ పైపు ఎనక నక్కినయి, ఒకదాని తోక చినిగింది. నీళ్ల వేడి 29 డిగ్రీలు దాటుతున్నది. వాడేది ఇంటి ఆర్వో నీళ్లు, బోరు టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన లవణాల లెక్క) 900. ఇది ఫ్లోరైడ్ వల్లనా? యాంటీబయాటిక్ వేయాల్నా అన్నా?

పాలమూరు_రీఫ్:
మందు వద్దు తమ్మీ. అది మగది, నోట్ల గుడ్లు పెట్టుకున్నది. టార్చి వేసి పక్క నుంచి చూడు: పెదవులు బాగనే ఉంటయి, గొంతు మాత్రం సంచిలెక్క దిగి ఉంటది, నోరు పూర్తిగ మూయదు. నడుమ నడుమ నమిలినట్టు దవడ కదిలిస్తది, గుడ్లను తిప్పుతున్నదన్నట్టు. నోరు కొద్దిగ తెరిచినప్పుడు నారింజ రంగు గుడ్లు కనిపిస్తయి. రోగమైతే వేరే తీరు. ఒళ్లు నల్లబడుతది, తెల్లటి దారం లెక్క మలం వస్తది, దమ్ము ఎక్కువ తీస్తది. బంగైలకు వచ్చే ఇరిడోవైరస్‌కు మందే లేదు, యాంటీబయాటిక్ దానికీ పనిచేయదు.

నీకు అసలు తొందర ఆ మూడింటిదే. జత కుదిరిందంటే బంగైలు మిగతా వాటిని బతకనియ్యవు, అంత చిన్న ట్యాంకుల పారిపోను జాగ ఉండదు. తోక చినిగినదాన్ని ఇయ్యాలనే తియ్యి, మిగిలిన రెంటిని రేపటిలోపల. వల వేసి ఉరికించొద్దు, బెదిరితే మగది గుడ్లు కక్కుతది, లేకుంటే మింగుతది. రాత్రి లైట్లు ఆర్పినంక వెడల్పు మగ్గుతో నీళ్లతో సహా ముంచి తియ్యి. గుంపుల ఉంచాల్నని ఉంటే పైజామా కార్డినల్ తెచ్చుకో, అవి అంతగ కొట్లాడుకోవు.

మిర్యాలగూడ_ట్యాంక్:
ఫ్లోరైడ్‌ను అనుమానించకు. సముద్రం నీళ్లల్లనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు ఉంటది. బోరు నీళ్లతో పరేషాన్ నైట్రేటు, సిలికా, ఫాస్ఫేటులది, నాచు దాంతోనే లేస్తది. ఇంటి ఆర్వోల రుచి కోసం ముడినీళ్లు కొంచెం కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటది, అది పూర్తిగ బంద్ చెయ్యి, మినరల్ కార్ట్రిడ్జ్‌కు ముందే నీళ్లు పట్టు. తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండ పంపు, టీడీఎస్ మీటరు 0 చూపియ్యాలె. 15 లీటర్ల నీళ్లు మార్చుతే మెరైన్ సాల్ట్ సుమారు 550 గ్రాములు. ముందురోజే కలిపి, పంపు తిరగనిచ్చి, సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 వచ్చిందా చూసి పొయ్యి.

వేడికి నీళ్ల మీద అడ్డంగ తగిలేటట్టు ఫ్యాన్ పెట్టు, 2–3 డిగ్రీలు దిగుతది. మన దిక్కు పొడిగాలి, ఆవిరి బాగ పోతది. ఆవిరైనంత మేరకు ఉప్పు లేని డీఐ నీళ్లే పొయ్యాలె, ఉప్పు ట్యాంకులనే ఉండిపోతది గదా. కరెంటు పోతే ముందు నడవాల్సింది ఎయిర్ పంపు, దానికి బ్యాటరీ పెట్టుకో.

నల్లగొండ_ఉప్పునీళ్లు:
పిల్లలను బతికిచ్చుడెట్ల?

పాలమూరు_రీఫ్:
గుడ్లు దాదాపు 20 రోజులకు పొదుగుతయి, పిల్లలను ఇంకో 10 రోజులు నోట్లనే ఉంచుకుంటది. పెద్ద ట్యాంకుల వదిలితే అన్ని చేపలూ తింటయి. అందుకే గుడ్లెత్తుకున్నప్పటి నుంచి 22–25వ రోజున, రాత్రిపూటనే, తండ్రిని మగ్గుతో అదే ట్యాంకు నీళ్లున్న 30 లీటర్ల తొట్టిల వెయ్యి. స్పాంజ్ ఫిల్టర్ చాలు. నల్ల కేబుల్ టైలు గుత్తిగ కట్టి అడుగున పెట్టు, సముద్రంల అర్చిన్ల (ముళ్ల బంతి లెక్క ఉండే ప్రాణి) నడుమ దాక్కునే పిల్లలు వీటిల దూరుతయి.

మొదటి రోజు నుంచే ఆర్టీమియా (సన్నటి ఉప్పునీటి రొయ్య లాంటి పురుగు) పిల్లలను తింటయి. లీటరు ఉప్పునీళ్లల్ల 1 గ్రాము ఆర్టీమియా గుడ్లు, 28 డిగ్రీలు, గాలి జోరుగ, లైటు. ఒక రోజుకు పొదుగుతయి. అప్పుడే పుట్టిన ఆర్టీమియాకు నోరు తెరుచుకోదు, సగం రోజు ఆగి ఒమేగా-3 ద్రావణంల నానబెట్టి వెయ్యి. ఈ పని ఎగ్గొడితే పిల్లలు కొన్నాళ్లు మంచిగనే కనిపిస్తయి, తర్వాత లైటు వేసినా, గ్లాసు మీద తట్టినా బెదిరి గిరగిర తిరిగి చస్తయి.

తొలిసారి గుడ్లు మోసే మగది మింగేసుడు మామూలే, నిరాశపడకు. పిల్లలను వదిలినంక తండ్రిని వెంటనే ఆడదాంతో కలపకు, మళ్లీ గుడ్లెత్తుకొని తిండి మానేస్తది. కడుపు నిండేదాక మైసిస్ (చిన్న రొయ్యల మేత) రోజుకు 2–3 సార్లు పెట్టు, అప్పటిదాక నడుమ అడ్డుపలక ఉంచు.