బీటెక్ సివిల్ చేసినవాళ్లు నిర్మాణ చట్టంలో పీజీ చేయవచ్చా? లా డిగ్రీ లేదు

హన్మకొండ సైట్ ఇంజనీర్:

నాకు 31 ఏళ్లు. వరంగల్‌లోనే బీటెక్ సివిల్ చేసి తొమ్మిదేళ్లుగా సైట్లలో పనిచేస్తున్నాను. మేస్త్రీలు నన్ను ఇప్పటికీ ‘మేడం సార్’ అని పిలుస్తారు. మొదట్లో కాంక్రీటు పోసే రోజు బలం పరీక్షకు క్యూబులు తీయించేదాన్ని, ఇప్పుడు ఎక్కువగా బిల్లులు తయారు చేయడమే నా పని. నిర్మాణ ఒప్పందాల చట్టంలో పీజీ చేయాలని ఉంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మా బాపు చిన్న కాంట్రాక్టరు. పదేళ్ల కిందట పరకాల వైపు ఒక కాలువ మీద వంతెన పని తీసుకున్నారు. గడువు 9 నెలలు. అప్రోచ్ రోడ్డుకు కావలసిన భూమిలో ఇద్దరు రైతుల పరిహారం తేలలేదు. ఆ భూమి చేతికి రావడానికే 14 నెలలు పట్టింది. అన్నాళ్లూ సెంట్రింగ్ సామానుకు అద్దె కట్టారు, మిక్సరుకు కాపలా మనిషిని పెట్టారు. ఈలోగా ఇనుము ధర పెరిగింది. పని ముగిశాక నష్టం అడిగితే ఆఫీసులో ఒక కాగితం తీసి చూపించారు. గడువు పొడిగించమని బాపు పెట్టుకున్న దరఖాస్తుకు జతచేసిన హామీ పత్రం అది. ‘పొడిగించిన కాలానికి అదనంగా ఏ సొమ్మూ కోరను’ అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద టైపు చేసి ఉంది, కింద బాపు సంతకం. ఆ సంతకం పెడితేనే ఆగిపోయిన రన్నింగ్ బిల్లు (పని నడుస్తుండగా అయినంత మేరకు ఇచ్చే బిల్లు) కదులుతుందన్నారట. తర్వాత ఒక వకీలు దగ్గరికి వెళితే ఆయన ఆ ఒక్క కాగితం చదివి ఫైలు దారం మళ్లీ కట్టి చేతికిచ్చారు. ఫీజు కూడా తీసుకోలేదు. బాపును ఎక్కువ బాధపెట్టింది అదే అనుకుంటాను.

ఆ డబ్బు మీద ఇప్పుడు ఆశ లేదు, దావా వేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. కానీ నా చేతి మీదుగా కూడా అలాంటి పత్రాలే వెళుతున్నాయి. వాటిలో ఏముందో అర్థం చేసుకుని సంతకం పెట్టించే స్థాయికి రావాలని ఉంది. లా డిగ్రీ లేకుండా ఎల్‌ఎల్‌ఎంలో చేరవచ్చా? ఉద్యోగం మానకుండా కుదురుతుందా? లండన్ కోర్సుల గురించి వింటున్నాను, అంత ఖర్చు పెట్టడం సబబేనా?

రింగ్ రోడ్డు:

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఆపైన ఎల్‌ఎల్‌ఎం. పూర్తయ్యేసరికి నలభై దాటుతాయి. ఆ డబ్బుతో మడికొండ వైపు ఒక ప్లాటు కొనుక్కోండి.

పాత ఎం-బుక్:

పైన రాసిన పెద్దమనిషి బిల్లులో కూడిక తప్పు. 31కి మూడు, దానికి ఒకటి కలిపితే 35. ఏడాది ఎల్‌ఎల్‌ఎం వచ్చి పదేళ్లు దాటింది.

అమ్మా, నేను ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యాను. ఆ తర్వాత సుబేదారిలోని లా కళాశాలలో మనవడి వయసు పిల్లల పక్కన కూర్చుని ఎల్‌ఎల్‌బీ చదివాను. ముందే ఒక మాట ఒప్పుకోవాలి. మీ బాపు సంతకం పెట్టినలాంటి హామీ పత్రాలు నా టేబుల్ ముందు చాలామంది రాసిచ్చారు. నమూనా నేనే టైపు చేయించేవాణ్ని. ఆడిట్ అభ్యంతరం రాకూడదన్నదే అప్పట్లో నా ఆలోచన. దాని వెనక ఏ సెక్షన్ ఉందో అప్పుడు నాకూ తెలియదు, తరగతిలో కూర్చున్నాకే తెలిసింది.

అది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 55వ సెక్షన్. గడువే ప్రాణమైన ఒప్పందంలో ఒక పక్షం సమయానికి చేయవలసింది చేయకపోతే రెండో పక్షం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. రద్దు చేసుకోకుండా ఆలస్యాన్ని అంగీకరిస్తే, అంగీకరించేటప్పుడే ‘నష్టం అడుగుతాను’ అని నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత అడిగే వీలు లేదు. మీ బాపు నోటీసు ఇవ్వకపోవడమే కాదు, అడగనని రాసిచ్చారు. దానికి తోడు మన వైపు టెండర్లలో స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్ (ప్రభుత్వ పనుల ప్రామాణిక నిబంధనలు) 59వ నిబంధన ఉంటుంది. ఏ కారణంగా ఆలస్యమైనా పరిహారం ఉండదని దాని సారాంశం. కోర్టులు కూడా దాన్ని సమర్థించిన సందర్భాలున్నాయి. వకీలు గారు ఫైలు దారం కట్టేసింది అందుకే అయి ఉంటుంది.

అయితే తలుపు పూర్తిగా మూసుకోలేదు. బిల్లు ఆపి, ఒత్తిడి చేసి రాయించుకున్న ‘ఇక బాకీ లేదు’ కాగితాన్ని గుడ్డిగా అంగీకరించనక్కరలేదని సుప్రీంకోర్టు 2008లో బొఘారా పాలీఫ్యాబ్ కేసులో చెప్పింది. కానీ ఒత్తిడి జరిగిందని చూపించే కాగితం అప్పటిదే కావాలి. సంతకం పెట్టిన వారంలోపు ‘బిల్లు కోసం తప్పక పెట్టాను, నా హక్కు వదులుకోలేదు’ అని రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇక చదువు సంగతి. మన దేశంలో లా డిగ్రీ లేకుండా ఎల్‌ఎల్‌ఎం లేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయాలి, ఏ డిగ్రీ అయినా సరే, జనరల్ వారికి 45 శాతం మార్కులుండాలి. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీకి గుర్తింపు లేదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు కావాలి కాబట్టి సైటుకూ తరగతికీ ఒకేసారి వెళ్లలేవు. తర్వాత వకీలుగా నమోదైతే జీతం ఉద్యోగం వదులుకోవాలి. ఇంతా చేసి ఎల్‌ఎల్‌ఎంలో చేరితే నిర్మాణ చట్టం అనే పేపరు దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. కాంట్రాక్టులు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) పేపర్ల నుంచి మనమే ఏరుకోవాలి.

నీకు నేను చెప్పేది, ముందు హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ దూరవిద్యలో ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం మీద ఉన్న పీజీ డిప్లొమా చూడు. లా డిగ్రీ లేనివారూ చేరవచ్చు. ఆర్బిట్రేటరుగా కూర్చోవడానికి కూడా లా డిగ్రీ తప్పనిసరని 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం చెప్పదు. నేను చూసిన ఆర్బిట్రేటర్లలో ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) చదవడం వచ్చినవాళ్లు ఇంజనీర్లే. ఒక రిటైర్డ్ జడ్జి గారికి రన్నింగ్ బిల్లుకూ ఫైనల్ బిల్లుకూ తేడా చెప్పడానికి మాకు ఒక పూట పట్టింది. పైగా టీ ఖర్చు మా పక్షానిదే.

ఇంకొకటి. మన టెండరు పత్రాల్లో చాలావాటిలో చిన్న మొత్తాలకే ఆర్బిట్రేషన్ ఉంటుంది, అంతకు మించితే సివిల్ కోర్టు. అందుకని ఏ కోర్సులో చేరేముందయినా నీ బీరువాలో ఉన్న టెండరు పత్రంలో వివాదాల నిబంధన చదువు.

జగిత్యాల నుంచి దోహా:

అక్కా, నాది కూడా సివిలే. ఇక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర క్లెయిములు చూస్తాను. లా డిగ్రీ లేకుండానే అబెర్డీన్‌లోని రాబర్ట్ గోర్డన్ విశ్వవిద్యాలయంలో నిర్మాణ చట్టం, ఆర్బిట్రేషన్ మీద ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేశాను. మీరు విన్న లండన్ కోర్సు కింగ్స్ కాలేజీది అయి ఉంటుంది. అది 1987 నుంచి ఉంది, ఇంజనీర్లనూ వకీళ్లనూ ఒకే తరగతిలో కూర్చోబెడతారు.

మీరు మన దగ్గరే పనిచేస్తానంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. వాళ్లు నేర్పేది ఇంగ్లండు చట్టం. ఆలస్యానికి ఒప్పందంలో ముందే రాసుకున్న జరిమానా సంగతే చూడండి. 2015లో అక్కడి సుప్రీంకోర్టు మక్డెస్సీ కేసులో ఒక కొలమానం పెట్టింది. అదే ఏడాది మన సుప్రీంకోర్టు కైలాష్‌నాథ్ కేసులో కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్‌కు వేరే దారిలో అర్థం చెప్పింది. పరీక్షలో నేను ఈ రెండూ కలిపేసి రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

గల్ఫ్‌కు వచ్చే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. ఇక్కడ పెద్ద పనుల్లో ఫిడిక్ (అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య) నమూనా ఒప్పందాలు ఎక్కువ. ఇబ్బంది తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే క్లెయిము పోతుందని రాసి ఉంటుంది. వివరమైన క్లెయిముకు 1999 కూర్పులో 42 రోజులుండగా 2017 కూర్పులో 84 చేశారు. నా ఫోనులో ప్రతి ఆటంకానికీ 21వ రోజున అలారం మోగుతుంది. ఒకసారి పెళ్లి పందిట్లో మోగింది, లేచి వెళ్లి నోటీసు పంపి వచ్చాను. అత్త ఇప్పటికీ అదే చెప్పుకుంటుంది.

హన్మకొండ సైట్ ఇంజనీర్:

అందరికీ కృతజ్ఞతలు. ప్లాటు సలహాకు కూడా. నల్సార్ డిప్లొమాకే దరఖాస్తు పెడతాను, గల్ఫ్ సంగతి తర్వాత చూస్తాను.

సార్, మీరు రాసింది చదివాక నిన్న రాత్రి బాపు ఇనుప పెట్టె తెరిచాను. హిండ్రెన్స్ రిజిస్టరు (పనికి వచ్చిన ఆటంకాలు రాసే పుస్తకం) దొరికింది. మొదటి మూడు నెలలు బాపు చేతిరాతతో వారం వారం రాసి ఉంది. రెండు చోట్ల మాత్రమే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సంతకం. నాలుగో నెల నుంచి పేజీలు ఖాళీ. ఎందుకు రాయలేదని అడిగితే, “రోజూ అదే మాట కదా, ఏం రాయాలి” అన్నారు. దాని కింద ఒక కార్బన్ కాపీ ఉంది. ‘భూమి ఇవ్వనందున సెంట్రింగ్ అద్దె నష్టపోతున్నాను, ఆ సొమ్ము ఇప్పించగలరు’ అని ఆఫీసుకు రాసిన ఉత్తరం. తేదీ లేదు. దానికి ఏమైనా విలువ ఉండేదా?

పాత ఎం-బుక్:

వెనక్కి తిప్పి చూడమ్మా. మా ఇన్‌వార్డు (వచ్చిన ఉత్తరాలు తీసుకునే) గుమాస్తాలు ఒక్కోసారి వెనక వైపు ముద్ర వేసేవారు, అందులో తేదీ ఉంటుంది.

హన్మకొండ సైట్ ఇంజనీర్:

చూశాను సార్. ముద్ర లేదు. ఇనుము తూకం లెక్కలు ఉన్నాయి.