మూడో భాగంలో తలుపులు దించిన రాజుది తప్పా?

కాలవగట్టు: ప్రళయం తర్వాత మిగిలిన రాజ్యాలు ఏటి నీళ్ల కోసం కొట్టుకునే ఆ ఏడు భాగాల సిరీస్‌లో మూడోది అయిపోయింది. కరువు ఏడాది ఎగువ రాజు ఆనకట్ట తలుపులు దించేస్తాడు. దిగువ వాళ్లు రాత్రికి రాత్రి వచ్చి పగలగొడతారు. నా లెక్కలో ఎగువ రాజుదే న్యాయం. ముందు తన జనం బతకాలి కదా. మీరేమంటారు?

ధవళేశ్వరం బాబాయి: న్యాయం తర్వాత. మూడొందల ఏళ్లు ఎవరూ ముట్టుకోని తలుపు, ఒక్కడు చక్రం తిప్పితే దిగిందా? గోదావరి మీద 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టని మరమ్మతులు చేసుకుంటూ వచ్చినా, 1982 నాటికి కొత్త బ్యారేజీ కట్టుకోవాల్సొచ్చింది. దానికి 175 గేట్లు. గ్రీజు పెట్టకుండా రెండు వానాకాలాలు వదిలేసి చూడండి. నేనక్కడే పుస్తకం మూసేశాను.

పుస్తకాల పురుగు: మొదటి భాగంలో మొసలి ఎగిరితే ఊరుకున్నారు కదా బాబాయ్ గారూ?

ధవళేశ్వరం బాబాయి: మొసలి రచయిత ఇష్టం. తుప్పు అలా కాదు.

శివారు రైతు: గేటు సంగతి పక్కన పెట్టండి. తమ్ముడూ, "ముందు తన జనం" అన్నావు చూడు, అక్కడ మండింది నాకు. కాలవ చివర నాకు మూడెకరాలు. పోయిన దాళ్వాలో, అదే రెండో పంటకి, వంతు ప్రకారం మా తూముకి నీళ్లు రావాల్సిన రెండు రోజులూ పైవాళ్లు ఇంజన్లు పెట్టి తోడేసుకున్నారు. చేను పొట్ట మీదుంది. నెర్రెల్లో నా అరచెయ్యి దూరింది. కాలవ నీళ్లు చూసే లస్కరుని అడిగితే లాకుల వైపు చెయ్యి చూపించాడు. దిగువ వాళ్లు గొడ్డళ్లతో వచ్చిన అధ్యాయం రెండుసార్లు చదివాను నేను.

కాలవగట్టు: కథని కథలా చదవలేరా అన్నా? పగలగొట్టాక నీళ్లు సముద్రం పాలయ్యాయి, ఎవరికీ మిగల్లేదు. అదీ చదివారా?

శివారు రైతు: చదివా. ఎలాగూ నాకు రాని నీళ్లు. ఇంతకీ మీ పొలం ఎక్కడ బాబూ, కాలవ తలదగ్గరా?

గోదారి పిల్ల: నేనింకా రెండో భాగంలోనే ఉన్నాను, కథంతా చెప్పేయకండి ప్లీజ్.

కాలవగట్టు: అవును, తలదగ్గరే. మా నాన్న కూడా ఇంజన్ పెట్టాడు. చేను కళ్లముందే ఎండుతుంటే చూస్తూ కూర్చోమంటారా? దొంగ అనిపించుకోవడానికి నేనీ ప్రశ్న వేయలేదు.

శివారు రైతు: దొంగ అన్నది నేను కాదు.

ధవళేశ్వరం బాబాయి: ఆ ఇంజన్ ఎన్ని హార్స్‌పవరు?