మోకాలి గుజ్జు ఆపరేషన్ తరువాత మళ్ళీ షటిల్ ఆడినవారు ఉన్నారా?

విశాఖపట్నంలో ఉంటాను, వయసు 38. కుడి మోకాలిలో తొడ ఎముక చివర గుజ్జు ఒకచోట ఊడిపోవడంతో సంక్రాంతి వెళ్ళాక మైక్రోఫ్రాక్చర్ చేశారు. అంటే ఎముకకు సన్నని రంధ్రాలు పెడతారు. లోపలి మజ్జ నుంచి వచ్చిన రక్తం గడ్డకట్టి, ఆ గుంతలో కొత్త పొర పెరుగుతుంది. అది అసలు గుజ్జు అంత గట్టిగా ఉండదని ముందే చెప్పారు. మొదటి వారాలన్నీ చంకకర్రలతోనే గడిచాయి.

ఇప్పుడు పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద హాయిగా నడుస్తున్నాను. ఇసుకలోకి దిగాలంటే మాత్రం కాలు మెలిక పడుతుందేమోనని భయం. మెట్లు ఎక్కడం సులువే, దిగేటప్పుడే మోకాలిచిప్ప కింద కలుక్కుమంటోంది. టేపుతో కొలిస్తే కుడి తొడ ఇంకా సన్నగానే ఉంది.

సర్జన్ గారు తొమ్మిది నెలలు దాటాక చూద్దామంటారు. ఫిజియోథెరపిస్టు గారి లెక్క వేరు: ఈ కాలి బలం రెండో కాలిలో 90 శాతానికి చేరాలి, ఒంటికాలి గెంతులో పెద్ద తేడా ఉండకూడదు, ఆడిన మర్నాడు వాపు రాకూడదు. నాకు ఈ మాటే సబబుగా తోస్తోంది. ఇంట్లోవాళ్ళయితే క్యారమ్స్ ఆడుకోమంటున్నారు!

ఇదే ఆపరేషన్ అయినవారు డబుల్స్‌తో మొదలుపెట్టారా? నెట్ దగ్గరి డ్రాప్ కోసం ఒక్క అంగలో వంగి అందుకోవడం ఎప్పటికి కుదిరింది? సిమెంటు కోర్టు మానేసి చెక్క కోర్టుకే పరిమితమయ్యారా? ఆటగాళ్ళ మోకాళ్ళు చూసే ఫిజియోథెరపిస్టులు నగరంలో తెలిస్తే చెప్పండి. ఎంవీపీ కాలనీ వైపైతే మరీ మంచిది.