అర్జెంటీనా గెలిచింది, స్లిప్పు ఓడింది: ఫుట్‌బాల్ పందేల లెక్క తెలిసినవారు చెప్పగలరా?

హన్మకొండ అన్న:
మా తమ్ముడు ఇంగ్లాండ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు, 2022 డిసెంబర్ 18న జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌పై అక్కడి లైసెన్సు ఉన్న దుకాణంలో పది పౌండ్లు అర్జెంటీనా మీద పెట్టాడు. అక్కడ అది చట్టబద్ధమే. మేము ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర నుంచి టీవీ ముందు, వాడు వీడియో కాల్‌లో, అందరం కలిసి మ్యాచ్ చూశాము. మెస్సీ కప్పు ఎత్తగానే నాన్న లేచి చప్పట్లు కొట్టారు. మరునాడు దుకాణంలో ఆ స్లిప్పుకు డబ్బు రాదన్నారట. మేమంతా మోసం అనుకున్నాము, ఆ మాట ఇప్పటికీ ఇంట్లో వస్తూనే ఉంటుంది. నిజంగా మోసమేనా?

కాజీపేట రైల్వే గ్రౌండ్:
మోసం కాదు తమ్మీ. మీ తమ్ముడు పెట్టింది ‘మ్యాచ్ ఫలితం’ అనే పందెం అయి ఉంటుంది. దానిలో మొదటి జట్టు గెలుపు, డ్రా, రెండో జట్టు గెలుపు అని మూడే దారులు ఉంటాయి, వేరుగా రాసి ఉంటే తప్ప అది 90 నిమిషాలకూ, రిఫరీ కలిపే ఇంజురీ టైముకూ మాత్రమే వర్తిస్తుంది. ఆ రోజు మెస్సీ, డి మారియా గోల్స్‌తో అర్జెంటీనా 2-0తో ముందుంటే, ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే 80, 81 నిమిషాల్లో రెండు కొట్టి 2-2 చేశాడు. పందెం లెక్క అక్కడితో ముగిసింది, అంటే డ్రా. ఆ తరువాతి ముప్పై నిమిషాల ఎక్స్‌ట్రా టైములో చెరొక గోల్ వచ్చి 3-3 కావడం, పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2తో గెలవడం ఈ పందేనికి సంబంధం లేనివి.

ఇదే కొలతను మిగతా పందేలకు పెట్టి చూడండి. రెండున్నర గోల్స్ కంటే ఎక్కువ, అంటే కనీసం మూడు, అన్నవారు నాలుగు గోల్స్‌తో గెలిచారు, రెండు జట్లూ గోల్ చేస్తాయన్నవారూ గెలిచారు. స్కోరు పందెంలో 2-2 అన్నవారికి డబ్బు వచ్చింది, టీవీలో చివరికి కనబడిన 3-3 అన్నవారికి రాలేదు. ఎంబాపే మూడో గోల్ 118వ నిమిషంలో వచ్చింది కనుక, చరిత్రలో అది హ్యాట్రిక్ అయినా మామూలు నియమాల కింద ఆ రోజు హ్యాట్రిక్ పందెం నెగ్గలేదు. కప్పు ఎవరిది అన్న పందెం మాత్రం వేరు, దానికి పెనాల్టీల దాకా లెక్క ఉంటుంది.

ములుగు రోడ్డు:
ఇంకొకటి కలుపుతాను. 2018 ప్రపంచకప్ ఫైనల్‌లో మొదటి గోల్ క్రొయేషియా ఆటగాడు మాంజుకిచ్ తల తగిలి తన జట్టు గోల్‌లోకే, సొంత గోల్‌గా పడింది. మొదటి గోల్ ఎవరిది అన్న పందెంలో సొంత గోల్‌ను లెక్కలోకి తీసుకోరు కనుక, తరువాత కొట్టిన పెరిసిచ్‌నే మొదటివాడిగా తీసుకున్నారు. మొత్తం గోల్స్ పందెంలో మాత్రం అదే సొంత గోల్ లెక్కకు వస్తుంది.

కరీంనగర్ లెక్కల మాస్టారు:
అందరికీ తికమక పెట్టేది ఆసియా హ్యాండిక్యాప్, అంటే బలమైన జట్టు స్కోరులోంచి కొంత తీసేసి ఫలితం చూసే పందెం. బలమైన జట్టుకు ‘మైనస్ 0.75’ అని ఉంటే, మీ వంద రూపాయలు సగం మైనస్ 0.5 మీద, సగం మైనస్ 1 మీద పెట్టినట్టు లెక్క. రేటు 1.90 అనుకోండి, అంటే గెలిస్తే రూపాయికి పెట్టినదానితో కలిపి 1.90 వస్తుంది. జట్టు ఒక్క గోల్ తేడాతో గెలిస్తే మొదటి యాభైకి 95 వస్తుంది, రెండో యాభై గెలుపూ కాదు ఓటమీ కాదు కనుక యథాతథంగా తిరిగి వస్తుంది. చేతికి 145. రెండు గోల్స్ తేడా ఉంటే పూర్తిగా 190, డ్రా అయితే సున్న.

రేటులో దాగిన లాభం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నా విద్యార్థులు దీన్నే చూడరు. గెలుపు 2.10, డ్రా 3.40, ఓటమి 3.50 అని ఉందనుకోండి. ఏ ఫలితం వచ్చినా మీకు కచ్చితంగా వంద రావాలంటే మూడింటి మీదా వరుసగా 47.62, 29.41, 28.57 పెట్టాలి, మొత్తం 105.60. ఆ అయిదు రూపాయల అరవై పైసలు మ్యాచ్ మొదలుకాకముందే దుకాణం వాటా. నాలుగైదు మ్యాచ్‌లు కలిపి ఒకే పందెం కడితే ఈ వాటా ప్రతి మ్యాచ్‌కూ గుణింపుగా పెరుగుతుంది. అలా కలిపినదానిలో ఒక మ్యాచ్ రద్దయితే దాని రేటును 1గా తీసుకుంటారు: 2.0, 1.5, 1.8 కలిపితే 5.4, మధ్యది రద్దయితే 3.6.

జగిత్యాల:
మాస్టారు గారు, ఆగిపోయిన మ్యాచ్ గురించి నా అనుభవం చెబుతాను. 2021 జూన్ 12న డెన్మార్క్, ఫిన్లాండ్ ఆడుతుండగా 43వ నిమిషం వద్ద డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలో కుప్పకూలాడు, మ్యాచ్ ఆగింది. అదే రాత్రి మళ్లీ మొదలై ఫిన్లాండ్ 1-0తో గెలిచింది. ఫిన్లాండ్ మీద నేను ఒక యాప్‌లో పెట్టాను, తప్పే చేశాను. మ్యాచ్ నిర్ణీత గడువులోపు పూర్తయితే పందెం చెల్లుతుందని, లేదంటే పెట్టినది తిరిగి ఇస్తారని సాధారణంగా నియమం ఉంటుంది. ఆ యాప్ రెండూ చేయలేదు, నియమాల పేజీ మారిపోయింది, ఫోన్ ఎత్తేవారు లేరు. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న సంస్థ అయితే వివాదాన్ని స్వతంత్ర మధ్యవర్తికి తీసుకెళ్లే దారి చూపాలి. మన తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కనుక నేను ఠాణాకు వెళ్లి ఏమని చెప్పగలను? ఆ డబ్బు అక్క పెళ్లికి దాచినది, ఇంట్లో ఈనాటికీ చెప్పలేదు.

హన్మకొండ అన్న:
అందరికీ కృతజ్ఞతలు. జగిత్యాల అన్నా, మీ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా తమ్ముడు పాత స్లిప్పు ఫొటో వెతికి పంపాడు. ‘మ్యాచ్ ఫలితం’ పక్కనే చిన్న అక్షరాల్లో ‘90 నిమిషాలు’ అని ఉంది. ఫోన్‌లో పెద్దది చేసి నాన్నకు చూపించాను, ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.